పెద్దల డాన్స్ క్లాసుల్లో స్నేహాలు ఎలా కుదురుతాయి, ఎందుకు కుదరవు

క్లుప్తంగా

డాన్స్ క్లాసులో చేరితే నలుగురితో పరిచయాలు పెరుగుతాయన్నది కొత్త చోటికి మారినవారికీ, ఇంటి నుంచే ఉద్యోగం చేసేవారికీ తరచుగా వినిపించే సలహా. కొందరి విషయంలో అది అక్షరాలా నిజమవుతుంది. మరికొందరు నెలల తరబడి వెళ్లి, స్టెప్పులు బాగానే నేర్చుకుని, పక్కన నిలబడే మనిషి పేరైనా తెలియకుండానే మానేస్తారు. ఈ తేడాకు నృత్యరీతి కొంత కారణమే కానీ, అంతకంటే పెద్ద కారణం స్టూడియో తన క్లాసులను నడిపే తీరు. ఒకే బ్యాచ్ కొన్ని నెలలు కొనసాగుతుందా, క్లాసులో ఒకరి మొహం ఒకరు చూసుకునే అవకాశం ఉంటుందా, క్లాసుకు ముందూ వెనకా కాస్త ఖాళీ సమయం మిగులుతుందా అన్నదాన్ని బట్టే ఫలితం చాలావరకు తేలిపోతుంది.

చదువు ముగిశాక పోయే ఏర్పాటు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నవంబరులో సామాజిక సంబంధాలపై ఒక కమిషన్‌ను నియమించింది. ఆ కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా 8,71,000కు పైగా మరణాలకు దానితో సంబంధం ఉందని అంచనా. అంతకుముందే బ్రిటన్ 2018లోనూ, జపాన్ 2021లోనూ ఈ సమస్యను చూసే బాధ్యతను ఒక మంత్రికి అప్పగించాయి. మనిషి స్వభావ లోపంగా కొట్టిపారేసిన విషయం ప్రజారోగ్య సమస్యగా మారడంతో, మందులతో పనిలేని మార్గాల మీద ఆసక్తి పెరిగింది. డాన్స్ క్లాసుల ప్రస్తావన తరచుగా వస్తున్నది ఈ నేపథ్యంలోనే.

బడిలోనూ కాలేజీలోనూ స్నేహం కోసం ఎవరూ పనిగట్టుకుని ప్రయత్నించనక్కర్లేదు. అదే గది, అవే మొహాలు, అదే టైమ్‌టేబుల్ ఏళ్ల తరబడి ఉంటాయి కాబట్టి చొరవ లేని పిల్లలకు కూడా ఒకరిద్దరు దొరుకుతారు. చదువు ముగియగానే ఆ ఏర్పాటు చెదిరిపోతుంది. ఆఫీసు ఆ లోటును కొంత తీర్చినా, అక్కడి పరిచయాల మీద హోదా, పోటీ, బదిలీల ప్రభావం ఉండనే ఉంటుంది. 2020 తరవాత ఇంటి నుంచి పనిచేయడం పెరిగిన రంగాల్లో అది కూడా పలచబడింది.

ఇల్లూ ఆఫీసూ కాని ‘మూడో చోటు’ మనుషులకు అవసరమని అమెరికా సామాజిక శాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ప్రతిపాదించారు. డాన్స్ స్టూడియోను కూడా ఆ కోవలో చేర్చడం పరిపాటి అయింది. నిజానికి అది పూర్తిగా అతికే పోలిక కాదు. ఓల్డెన్‌బర్గ్ చెప్పిన చోట్లలో ప్రధాన వ్యాపకం కబుర్లు చెప్పుకోవడం, ఎప్పుడు పడితే అప్పుడు వచ్చిపోవడం. స్టూడియోలో వేళ తప్పితే లోపలికి వెళ్లడానికి మొహమాటపడాలి, మాట్లాడుతూ నిలబడితే టీచరు ఊరుకోరు. పోలికే తేవాలంటే పెద్దల డాన్స్ బ్యాచ్ బడికే దగ్గరగా ఉంటుంది. దాని బలమూ అక్కడే ఉంది.

గంటల లెక్క

స్నేహానికి ఎంత సమయం పడుతుందో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ లెక్కగట్టే ప్రయత్నం చేశారు. 2018లో వెలువడిన ఆ అధ్యయనంలో, కొత్త ఊరికి మారినవారినీ, కాలేజీలో కొత్తగా చేరిన విద్యార్థులనూ పరిశీలించారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, నికరమైన స్నేహం కావడానికి సుమారు 90 గంటలు, ఆప్తులనదగ్గ దశకు చేరడానికి 200 గంటలకు పైగా కలిసి గడపవలసి వస్తుందని తేలింది. ఇవి సగటు అంచనాలే తప్ప గీత గీసి చెప్పిన హద్దులు కావు. అయినా డాన్స్ క్లాసుకు అన్వయించి చూస్తే ఒక ముఖ్యమైన విషయం బయటపడుతుంది.

వారానికి గంట క్లాసు అనుకుంటే, 50 గంటలు పూర్తయ్యేసరికి దాదాపు ఏడాది గడుస్తుంది. అదీ ఇద్దరూ ఒక్క క్లాసు కూడా మానకుండా వస్తేనే. ఇద్దరు వ్యక్తులు ఎవరికి వారు నాలుగింట మూడు క్లాసులకు హాజరవుతున్నారనుకుంటే, ఇద్దరూ కలిసి ఉండే క్లాసులు నూటికి 56 మాత్రమే; అంటే ఏడాది కాస్తా రెండేళ్లకు దగ్గరవుతుంది. పైగా క్లాసులో గడిచే గంటంతా కలిసి గడిపినట్టు కాదు. అందులో వార్మప్ ఉంటుంది, టీచరు చూపించే భాగం ఉంటుంది, అద్దంలో తమ పాదాలనే చూసుకుంటూ గడిపే నిమిషాలు ఉంటాయి. మాట్లాడటానికి మిగిలేది తక్కువ.

కాబట్టి క్లాసు ఒక్కటే స్నేహాన్ని పూర్తిగా తయారుచేయలేదు. అది మనుషులను పదేపదే ఒకచోటికి చేర్చి, మాట కలపడానికి ఒక సాకు ఇస్తుంది. మిగతా పని క్లాసుకు ముందు పది నిమిషాల్లో, ముగిశాక బూట్లు మార్చుకుంటూ నిలబడే పావుగంటలో, నెలకోసారి జరిగే సోషల్ డాన్స్ సాయంత్రాల్లో, ఎవరి పుట్టినరోజుకో బ్యాచ్ అంతా బయట కలుసుకునే పూట జరుగుతుంది. క్లాసు తరవాత అరగంట ఆగే అలవాటున్న బ్యాచ్‌లో పై లెక్క దాదాపు సగం మేర వేగం పుంజుకుంటుంది.

ఎదురుపడటానికి ఉన్న శక్తి గురించి పాత పరిశోధనలు కూడా ఇదే చెబుతాయి. మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్, ఆయన సహచరులు అమెరికాలోని ఎంఐటీ వివాహిత విద్యార్థుల ఇళ్ల సముదాయాన్ని పరిశీలించి 1950లో ప్రచురించిన అధ్యయనంలో, ఎవరికి ఎవరు స్నేహితులవుతారన్నది అభిరుచుల కంటే తలుపుల మధ్య దూరం మీద, మెట్లు ఉన్న చోటి మీద ఎక్కువగా ఆధారపడిందని తేలింది. ఒకే వస్తువునో మొహాన్నో మళ్లీ మళ్లీ చూస్తే దాని మీద ఇష్టం పెరుగుతుందని మరో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జయాంక్ 1968లో చూపించారు. డాన్స్ స్టూడియోలో దీని ఆనవాలు సులువుగానే కనిపిస్తుంది. బ్యాలే క్లాసులో కడ్డీ పట్టుకుని నిలబడే చోటును ఎవరూ ఎవరికీ కేటాయించరు. అయినా మూడు నాలుగు వారాలకు ఎవరి చోటు వారికి ఖాయమైపోతుంది, మొదటి మాటలు ఆ పక్క చోటివారితోనే కలుస్తాయి.

కలిసి కదలడం చేసే పని

పదేపదే కలవడమే కావాలంటే కుట్టుపని క్లాసైనా, భాష నేర్పే క్లాసైనా సరిపోవాలి. డాన్స్‌కు అదనంగా ఉన్నది ఒకే తాళానికి ఒకేసారి కదలడం. సామూహిక ఆచారాల్లో జనం ఒక్కటైపోయే ఉద్వేగాన్ని ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1912లోనే వివరించారు. 1941లో అమెరికా సైన్యంలో చేరి కవాతు చేసిన చరిత్రకారుడు విలియం మెక్‌నీల్, అడుగులో అడుగు వేసి నడవడం వల్ల కలిగిన ఆత్మీయతను దశాబ్దాల తరవాత 1995లో విశ్లేషిస్తూ, సైనిక కవాతునూ ఊరుమ్మడి నృత్యాలనూ ఒకే కోవలో చేర్చారు.

ఈ ఊహలకు ప్రయోగాల ఆధారం ఇటీవలిదే. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు విల్టర్‌మత్, హీత్ 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, కలిసి అడుగులు వేసినవారు ఆ తరవాత ఆడిన ఆటల్లో ఒకరికొకరు ఎక్కువగా సహకరించుకున్నారు. బ్రాన్‌విన్ టార్, రాబిన్ డన్‌బర్ తదితరులు 2015లో వెలువరించిన అధ్యయనం నేరుగా డాన్స్ మీదే జరిగింది. బ్రెజిల్‌లో హైస్కూలు విద్యార్థులను కొందరిని ఒకే రకంగా, కొందరిని ఎవరికి వారుగా, కొందరిని ఒళ్లు అలిసేలా, కొందరిని తేలిగ్గా డాన్స్ చేయించి, ముందూ తరవాతా నొప్పిని ఎంతవరకు ఓర్చుకోగలరో కొలిచారు. ఒంట్లో ఎండార్ఫిన్లు, అంటే నొప్పిని తగ్గించి హాయినిచ్చే రసాయనాలు, పెరిగాయా లేదా అన్నది పరోక్షంగా తెలుసుకోవడానికి వాడే పద్ధతి అది. కలిసి కదలడం, కష్టపడి కదలడం — ఈ రెండూ దేనికది విడిగానే నొప్పిని ఓర్చుకునే శక్తినీ, తోటివారితో దగ్గరితనాన్నీ పెంచాయి.

ఈ ఫలితాలను మరీ సాగదీయకూడదు. ప్రయోగం జరిగింది విద్యార్థుల మీద, కొలిచింది డాన్స్ ముగిసిన వెంటనే. ఆ దగ్గరితనం వారం తరవాత కూడా నిలుస్తుందని దీన్నిబట్టి చెప్పలేము. ఇక్కడ సబబుగా తీసుకోదగిన అర్థం ఒకటే: క్లాసు ముగిసిన తరవాతి కొద్ది నిమిషాల్లో బిడియం మామూలు కంటే తక్కువగా ఉంటుంది. ఆ నిమిషాల్లో మనుషులు అక్కడే నిలబడి ఉంటే మాటలు కలుస్తాయి, ఎవరి దారిన వారు వెళ్లిపోతే ఆ ప్రభావం అక్కడితో ఆవిరైపోతుంది.

అద్దం వైపు తిరిగే క్లాసు, ఎదుటి మనిషి వైపు తిరిగే క్లాసు

నృత్యరీతుల మధ్య అసలు తేడా మనుషులు ఎటువైపు చూస్తారన్న చోట వస్తుంది. హిప్‌హాప్ క్లాసులో అందరూ వరుసల్లో నిలబడి అద్దం వైపు చూస్తారు. 1990లలో కొలంబియాకు చెందిన బెటో పెరెజ్ మొదలుపెట్టిన జుంబాలో పాట వెంట పాట సాగిపోతుంది, తప్పులు దిద్దడం కోసం ఆపడం దాదాపుగా ఉండదు. చెమట పట్టించడానికి అది మంచి పద్ధతి, పేర్లు తెలుసుకోవడానికి కాదు. భరతనాట్యం వంటి శాస్త్రీయ రీతుల్లోనూ క్లాసులో మాటలకు చోటు తక్కువే. కానీ అక్కడ ‘అడవు’లనే ప్రాథమిక అడుగుల కూర్పులను మూడు వేగాల్లో సాధన చేస్తూ, ఒకే పాఠ్యక్రమంలో కొన్నేళ్ల పాటు కలిసి నడవడం వల్ల ఆలస్యంగానైనా గట్టి బంధం ఏర్పడే వీలుంది.

సల్సా, స్వింగ్, టాంగో వంటి జంట నృత్యాల ఏర్పాటే వేరు. బిగినర్స్ బ్యాచ్‌లో 24 మంది ఉన్నారనుకుందాం. లీడ్ చేసేవారు, అంటే అడుగు నడిపించేవారు, 12 మంది బయటి వలయంలో, ఫాలో చేసేవారు, అంటే దాన్ని అనుసరించేవారు, 12 మంది లోపలి వలయంలో ఎదురెదురుగా నిలబడతారు. టీచరు ఎనిమిది కౌంట్ల స్టెప్పు చూపిస్తారు, జోడీలు దాన్ని మూడు నాలుగు సార్లు చేస్తాయి, ‘చేంజ్’ అనగానే లోపలి వలయం ఒక్కో చోటు పక్కకు జరుగుతుంది. కొత్త జోడీ పేరు చెప్పుకుంటుంది, చేతులు కలుపుతుంది, ఒకరి కాలు ఒకరు తొక్కుతారు, నవ్వుకుంటారు, మళ్లీ ‘చేంజ్’. అయిదు నిమిషాలకోసారి మార్చినా గంటలో 12 జోడీలూ పూర్తవుతాయి. ముక్కూ మొహం తెలియని 12 మందితో, ఎవరూ ఎవరినీ పలకరించే చొరవ చూపనక్కర్లేకుండానే, పేరూ స్పర్శా ఒక చిన్న వైఫల్యమూ పంచుకోవడం అయిపోతుంది. బిడియస్తులకు ఇంతకంటే అనువైన ఏర్పాటు మరోచోట దొరకడం కష్టం. క్యూబాలో పుట్టిన రుయేడా దె కసీనోలో వలయంలోని జంటలన్నీ ఒకరి పిలుపుకు స్టెప్పు వేస్తూ, ఆ పిలుపుకే పార్ట్‌నర్లను మార్చుకుంటాయి. అక్కడ జోడీ మార్పే నృత్యంలో భాగం.

ఇక్కడ స్పర్శకు నియమాలు ఉండటం ముఖ్యం. చెయ్యి ఎక్కడ ఉండాలో, ఎంత దూరంలో నిలబడాలో స్టెప్పే నిర్ణయిస్తుంది, పాట ముగియగానే ఆ దగ్గరితనమూ ముగుస్తుంది. అర్జెంటీనా టాంగో సాయంత్రాల్లో, అంటే మిలోంగాల్లో, పిలుపు కూడా కళ్లతోనే జరుగుతుంది. దూరం నుంచి చూపు కలిపి తల ఊపితే రమ్మన్నట్టు, చూపు తిప్పుకుంటే వద్దన్నట్టు. కబెసెయో అనే ఈ పద్ధతిలో కాదన్నవారికీ ఇబ్బంది లేదు, కాదనిపించుకున్నవారికీ నలుగురిలో చిన్నతనం లేదు. ఒప్పుకున్న జోడీ సాధారణంగా మూడు నాలుగు పాటలు కలిసి ఆడి విడిపోతుంది. పెద్దలను మాట కలపకుండా ఆపే మొహమాటాన్ని ఇలాంటి నియమాలు చాలావరకు తమ మీద వేసుకుంటాయి.

అందరూ తడబడే చోటు

పెద్దవాళ్లు తమకు రాని పనిని నలుగురి ముందు చేసే సందర్భాలు తక్కువ. ఆఫీసులో నేర్పరితనం చూపించాలి, ఇంట్లో బాధ్యత చూపించాలి. బిగినర్స్ క్లాసులో మాత్రం డాక్టరూ, డ్రైవరూ, బ్యాంకు మేనేజరూ ఒకే చోట ఎడమ కాలికి బదులు కుడి కాలు వేస్తారు. వృత్తీ సంపాదనా ఆ గంటసేపు పనికిరావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పాట మీదో నేల మీదో నెపం వేసి నవ్వించేవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు ఉంటారు, బ్యాచ్‌ను దగ్గర చేసేది చాలాసార్లు వాళ్లే.

దీనికి మరో ప్రయోజనం ఉంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో పలచని పరిచయాల బలం గురించి రాస్తూ, కొత్త సమాచారమూ అవకాశాలూ ఆప్తుల కంటే దూరపు పరిచయస్థుల ద్వారానే ఎక్కువగా వస్తాయని వాదించారు. ఆప్తులు మన లోకంలోనే ఉంటారు, వారికి తెలిసింది మనకూ తెలుసు. వయసూ వృత్తీ కలవనివారు చేరే డాన్స్ బ్యాచ్ అలాంటి పలచని పరిచయాలను పుష్కలంగా ఇస్తుంది. ప్రాణస్నేహితులు దొరకలేదని నిరాశపడేవారు, పేరు పెట్టి పలకరించే 20 మంది దొరికిన సంగతిని లెక్కలోకి తీసుకోకపోవడం ఒక పొరపాటు.

స్టూడియో ఆర్థిక వ్యవహారం

ఇంత అనుకూలమైన ఏర్పాటు కొన్ని చోట్ల ఎందుకు పనిచేయదన్నది వ్యాపారం వైపు నుంచి చూస్తే అర్థమవుతుంది. స్టూడియో అద్దె రోజంతటికీ కట్టాలి. ఉద్యోగాలు చేసే పెద్దలు మాత్రం సాయంత్రం పూట ఓ మూడు నాలుగు గంటల సేపూ, వారాంతాల్లోనూ మాత్రమే రాగలరు. ఆ కొద్ది గంటల్లో వీలైనన్ని బ్యాచ్‌లు ఇరికించాలన్న ఒత్తిడి సహజం. ఒక బ్యాచ్ ముగిసే నిమిషానికే తరవాతి బ్యాచ్ తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. కూర్చునే బల్ల ఉన్న చోట మరో చిన్న హాలు కడతారు. మాటలు కలవడానికి అవసరమైన పావుగంటా, నాలుగు కుర్చీలూ ఆదాయం తేని ఖర్చుగా కనిపించి, ముందుగా వాటికే కోత పడుతుంది.

రెండోది చెల్లింపు పద్ధతి. ఎనిమిది లేక పన్నెండు వారాలకు కలిపి ఫీజు కట్టించుకునే టర్మ్ బ్యాచ్‌లో అవే మొహాలు వారం వారం కనిపిస్తాయి. ఏ రోజుకా రోజు కట్టి వచ్చే డ్రాప్-ఇన్ క్లాసు, ఒకే పాస్‌తో అనేక స్టూడియోలకు వెళ్లనిచ్చే యాప్ వెసులుబాటును పెంచుతాయి. రాని రోజుకు డబ్బు పోదు, నచ్చకపోతే మారవచ్చు. కానీ ఆ వెసులుబాటే బ్యాచ్‌ను చెదరగొడుతుంది. ప్రతి వారం సగం మంది కొత్తవారైనప్పుడు 50 గంటల లెక్క ఎవరితోనూ పూర్తి కాదు. టర్మ్ పద్ధతికీ దాని ఇబ్బంది ఉంది: షిఫ్టుల్లో పనిచేసేవారు, చిన్నపిల్లల తల్లులు పన్నెండు వారాలకు మాట ఇవ్వలేరు. పరిచయాల కోణం నుంచి మాత్రం టర్మ్ బ్యాచ్‌దే పైచేయి.

మూడోది కెమెరా. కొరియోగ్రఫీ క్లాసుల్లో చివరి పది నిమిషాలు వీడియో తీయడం మామూలైపోయింది. బాగా చేసినవారిని ముందుకు పిలిచి చిత్రీకరిస్తారు, మిగతావారు గోడకు ఆనుకుని చూస్తారు. అప్పటిదాకా ఒకటిగా తడబడిన బ్యాచ్ ఆ నిమిషంలో ఆడేవారుగా, చూసేవారుగా విడిపోతుంది. స్టూడియోకు అది ఖర్చులేని ప్రచారం కాబట్టి ఆగేలా లేదు.

బయట మిగిలిపోయేవారు

ఏ ఊళ్లోనైనా డాన్స్ సమూహాలకు కొన్ని పాత జబ్బులు ఉన్నాయి. లెవెల్ పెరిగేకొద్దీ తమలో తామే ఆడుకునే గుంపులు ఏర్పడతాయి, కొత్తవారు సోషల్ సాయంత్రాల్లో గంటల తరబడి కుర్చీలకే అతుక్కుపోతారు. లీడ్ చేసేవారూ ఫాలో చేసేవారూ సమానంగా రాకపోవడం మరో సమస్య; అందరికీ రెండు పాత్రలూ నేర్పడం మొదలుపెట్టిన స్టూడియోలు దీన్ని చాలావరకు తేలిక చేసుకున్నాయి. హద్దు మీరే స్పర్శ అన్నిటికంటే తీవ్రమైన విషయం. ఫిర్యాదు ఎవరికి చేయాలో గోడ మీద రాసి పెట్టని చోట, బాధపడినవారు మౌనంగా మానేస్తారు, బాధపెట్టినవారు మిగిలిపోతారు. టీచరు మీద సమూహమంతా ఆధారపడటం కూడా బలహీనతే. టీచరు స్టూడియో మారితే వాట్సాప్ గ్రూపు మిగులుతుంది కానీ కలుసుకునే వేళ మిగలదు.

ఆరోగ్య ప్రయోజనాల గురించి చెప్పే మాటలను కూడా జాగ్రత్తగా చదవాలి. 75 ఏళ్లు దాటిన 469 మందిని గమనించి 2003లో ప్రచురించిన అమెరికన్ అధ్యయనంలో, శారీరక వ్యాపకాలన్నిటిలో డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) ముప్పు తక్కువగా కనిపించింది డాన్స్ చేసేవారిలోనే. అయితే అది పరిశీలన మాత్రమే. మెదడు చురుగ్గా ఉన్నవారే డాన్స్ కొనసాగించగలిగారేమో అన్న సందేహానికి దానిలో పూర్తి జవాబు లేదు. ఒంటరితనం విషయంలోనూ ఇదే చిక్కు: తీవ్రంగా ఒంటరైనవారు తలుపు దాకా రావడమే కష్టం కాబట్టి, క్లాసుల్లో కనిపించేవారు కాస్త కలివిడితనం ఉన్నవారే అయ్యే అవకాశం ఎక్కువ. వారిని తలుపు దాకా తేవడానికి ప్రత్యేక ప్రయత్నం కావాలి. మార్క్ మోరిస్ డాన్స్ గ్రూప్ 2001లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పార్కిన్సన్స్ రోగుల సంఘంతో కలిసి మొదలుపెట్టిన క్లాసులు అలాంటివే. అక్కడ చేరినవారు చికిత్స కోసం వచ్చిన రోగులుగా కాక, డాన్స్ నేర్చుకునేవారిగా క్లాసులో నిలబడతారు.

చేరేముందు చూడదగ్గవి

యాప్ పాస్‌లు విస్తరించేకొద్దీ స్టూడియోలు రెండు రకాలుగా చీలే అవకాశం కనిపిస్తోంది: వ్యాయామం అమ్మేవి, బ్యాచ్‌ను నిలబెట్టేవి. బయటి నుంచి రెండూ ఒకేలా ఉంటాయి, ప్రకటనల్లో రెండూ ‘మన కుటుంబం’ అనే రాసుకుంటాయి. డెమో క్లాసు రోజున స్టెప్పుల కంటే ముందు చూడవలసింది పాట ఆగాక ఏం జరుగుతుందన్నది. పది నిమిషాల తరవాత కూడా నలుగురు అక్కడే నిలబడి మాట్లాడుకుంటూ ఉంటే, టీచరు పాత విద్యార్థులను పేరుతో పిలుస్తుంటే, పాతవారు కొత్తవారిని జోడీగా పిలుస్తుంటే ఆ చోట పరిచయాలు పెరిగే వాతావరణం ఉన్నట్టే.

చేరే వేళ కూడా తేడా తెస్తుంది. నడుస్తున్న బ్యాచ్‌లో మధ్యలో చేరినవారు స్టెప్పుల్లోనూ స్నేహాల్లోనూ వెనకబడి మొదలుపెడతారు. ఎవరికీ ఎవరూ తెలియని స్థితి కొత్త బ్యాచ్ మొదటి రెండు మూడు వారాల్లో మాత్రమే ఉంటుంది. అందుకని ఖాళీ ఉన్న బ్యాచ్‌లో ఇప్పుడే చేరడం కంటే, కొత్త బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుని దాని కోసం నెల రోజులు ఆగడం చాలామందికి మేలు.